కొత్త కెమెరా కొనే ముందు పాత ఆల్బమ్ తెరవండి

మా బాబాయి రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లు బడిపంతులుగా పనిచేశారు. గల్ఫ్ నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర కొనుక్కున్న పెంటాక్స్ కే1000 కెమెరా ఆయన ప్రాణం. 1991 గోదావరి పుష్కరాలు, హేవలాక్ వంతెన మీద చివరి రోజుల్లో నడిచిన రైళ్లు, మా అక్క పెళ్లి, మా తమ్ముడి అన్నప్రాశన, అన్నీ దానితో తీసినవే. రీళ్లు దొరకడం కష్టమై, కడిగిచ్చే స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడ్డాక ఆ కెమెరా బీరువా పై అరలోకి చేరింది.

రిటైరయ్యాక ఆయనకు మళ్లీ ఫోటోలు తీయాలనిపించింది. ఒక దుకాణానికి వెళ్లారు. అక్కడి కుర్రాడు మెగాపిక్సెళ్ల లెక్క చెప్పి ఒక చిన్న కెమెరా చేతిలో పెట్టాడు. ఈయన కొనుక్కొచ్చారు. రెండు నెలల తర్వాత నేను వెళ్లేసరికి అది అట్టపెట్టెలోనే ఉంది.

"ఏం బాబాయ్, వాడటం లేదా?"

"ఎండలో దాని తెర కనపడదురా. నీడలోకొస్తే కళ్లజోడు పెట్టుకుంటేగానీ అందులో ఏముందో తెలీదు. కంటికి ఆనించుకుని చూసే చోటే లేదు. సూదీ లేదు."

సూది అంటే ఏమిటో రీలు కాలం వారికి వెంటనే తెలుస్తుంది. కే1000లో కన్ను పెట్టి చూస్తే కుడివైపు ఒక సన్నటి సూది వెలుతురును బట్టి పైకీ కిందికీ కదులుతుంది. అది మధ్యకు వచ్చేదాకా అపెర్చర్ రింగో, షట్టర్ స్పీడో తిప్పాలి. ముప్ఫై ఏళ్లు ఆయన వెలుతురుతో మాట్లాడింది ఆ సూది ద్వారానే. కొత్తగా కొన్న కెమెరాలో లోపమేమీ లేదు. ఆయన కంటికీ, చేతికీ, అలవాటుకీ అది సరిపడలేదు, అంతే.

వస్తువు కొనడానికి వెళ్లినప్పుడు మనం వస్తువు గురించి వంద ప్రశ్నలు అడుగుతాం. మన గురించి మనం ఒక్కటీ అడుక్కోం. కెమెరా విషయంలో ఆ ప్రశ్నలకు జవాబులన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి, పాత ఆల్బమ్‌లో. దాన్ని చదవడం ఎలాగో, చదివాక దుకాణంలో ఏం చూడాలో ఈ అధ్యాయంలో తెలుసుకుందాం.

మొదటి మెట్టు: వంద ఫోటోల పరీక్ష

ఆల్బమ్‌లలోంచి మీరే తీసిన వంద ఫోటోలు బయటకు తీయండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. ఏం తీశారు? ఇంట్లోనా, ఆరుబయటా? ఎంత దూరం నుంచి? తీశాక ఆ ఫోటోను ఏం చేశారు? ఒక్కో ఫోటోకూ ఒక్కో గీత పెట్టుకుంటూ వెళ్లండి. గంటన్నరలో అయిపోతుంది.

నేనూ బాబాయీ ఆ పని చేశాం. వందలో యాభై ఎనిమిది మనుషుల ఫోటోలు, అవీ ఎక్కువగా ఇంట్లో, నాలుగైదు అడుగుల దూరం నుంచి తీసినవి. ఇరవై ఏడు గోదావరివి: రేవులు, పడవలు, వంతెనలు. పదకొండు గుళ్లు, ఊళ్లు. పిట్టలు నాలుగంటే నాలుగే, అవీ ఆకాశంలో నల్లటి చుక్కల్లా ఉన్నాయి. అప్పటిదాకా ఆయన పెద్ద జూమ్ కెమెరా కొనాలని అనుకుంటున్నారు. పక్కింటాయన పిట్టల ఫోటోలు చూసి కలిగిన కోరిక అది. గీతలు లెక్కపెట్టాక ఆయనే కాసేపు ఊరుకుని, "నేను మనుషుల్ని తీసేవాణ్ణిరా" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం కెమెరాలు జాబితాలోంచి వెళ్లిపోయాయి.

మీ కాగితం కూడా మీకు అలాగే చెబుతుంది. ఇంట్లో, తక్కువ వెలుతురులో మనుషుల్ని ఎక్కువగా తీసివుంటే మీకు కావాల్సింది కాస్త పెద్ద సెన్సర్, ఎఫ్/1.8 లాంటి వెడల్పు అపెర్చర్ ఉన్న లెన్సు. ప్రయాణాల ఫోటోలు ఎక్కువైతే బరువు ముఖ్యం. రోజంతా మెడలో వేలాడేది తేలిగ్గా లేకపోతే రెండో రోజు దాన్ని హోటల్ గదిలోనే వదిలేస్తారు. పరుగెత్తే పిల్లలు, ఆటలు అయితే చురుకైన ఆటోఫోకస్ కావాలి. పూలు, పురుగులు అయితే మాక్రో లెన్సు కోసం డబ్బు దాచుకోవాలి. ఆల్బమ్ నిండా ఫలానా చోటికి వెళ్లొచ్చాం అని చెప్పే గుర్తులే కనిపిస్తే ఆ పనికి ఇప్పటి మంచి ఫోన్ చాలు. ఆ మాట కాగితం మీద తేలిపోవడం కూడా లాభమే, డబ్బు మిగులుతుంది.

రెండో మెట్టు: కన్ను, చెయ్యి

రీలు కెమెరా నుంచి వచ్చేవారిలో చాలామందికి నలభై ఐదు దాటి ఉంటాయి. చత్వారం వచ్చి ఉంటుంది. చేతి దూరంలో ఉన్న తెర మసకగా కనిపిస్తుంది. అందుకని వెనక తెర మాత్రమే ఉన్న కెమెరా కొనకండి. కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ ఉండాలి. దాని పక్కనే డయాప్టర్ అనే చిన్న చక్రం ఉంటుంది. కళ్లజోడు తీసేసి, లోపల కనిపించే అంకెలు స్పష్టంగా వచ్చేదాకా దాన్ని తిప్పండి. ఎక్కువమందికి ఆ తర్వాత ఫోటో తీయడానికి కళ్లజోడు అక్కర్లేదు. కెమెరాను ముఖానికి ఆనించి పట్టుకోవడం వల్ల చేతులు వణకడమూ తగ్గుతుంది.

వ్యూఫైండర్లు రెండు రకాలు. డీఎస్ఎల్ఆర్‌లో మీ పాత కెమెరాలో లాగే అద్దం ఉంటుంది, లెన్సులోంచి వచ్చిన వెలుతురే నేరుగా కంటికి చేరుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు, లోపల ఒక చిన్న తెర ఉంటుంది. దానిలో ఫోటో ఎలా రాబోతోందో, ఎంత వెలుగుగా, ఎంత చీకటిగా ఉంటుందో నొక్కకముందే కనిపిస్తుంది. డీఎస్ఎల్ఆర్ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వాడినవి చవగ్గా దొరుకుతాయి. కంపెనీల కొత్త లెన్సులు, కొత్త కెమెరాలు మాత్రం ఇప్పుడు మిర్రర్‌లెస్ వైపే వస్తున్నాయి. రెంటిలోనూ కన్ను పెట్టి చూశాకే నిర్ణయించుకోండి.

దుకాణంలో ఇంకో పరీక్ష చేయండి. కెమెరాను చేతిలోకి తీసుకుని, మెనూ జోలికి పోకుండా మూడు పనులు చేయగలరేమో చూడండి: అపెర్చర్ మార్చడం, షట్టర్ స్పీడు మార్చడం, ఫోటోను కాస్త చీకటిగానో వెలుగుగానో చేయడం. చక్రాలు వేళ్లకు అందితే ఆ కెమెరా మీ చేతికి సరిపోయినట్టే. కోఠీలో ఒక దుకాణంలో బాబాయి ఒక మిర్రర్‌లెస్‌ను కంటికి ఆనించుకుని చక్రం తిప్పుతూ, "ఇదిగోరా సూది!" అని అంత గట్టిగా అన్నారంటే దుకాణంలో వాళ్లందరూ తిరిగి చూశారు. వ్యూఫైండర్ అడుగున ఎక్స్‌పోజర్ గీత మీద కదిలే గుర్తు అది. ఆయన పాత నేస్తం కొత్త రూపంలో కనిపించింది.

మూడో మెట్టు: రీలు కొలతతో సెన్సర్

సెన్సర్ గురించి చదివితే తల తిరుగుతుంది. మీకు తెలిసిన కొలతతో చూస్తే తేలిక. మీ 35 ఎం.ఎం. నెగిటివ్‌లో ఒక్కో గడి 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. ఎత్తు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ అంటే సరిగ్గా అంతే. ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6 మి.మీ., వైశాల్యంలో నెగిటివ్‌లో సగం కన్నా కొంచెం తక్కువ. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13 మి.మీ., దాదాపు పావు వంతు. పెద్ద సెన్సర్ తక్కువ వెలుతురులో శుభ్రమైన ఫోటో ఇస్తుంది, దాంతోపాటు ధర, బరువు పెరుగుతాయి. ఇంటి ఫోటోలకు, ప్రయాణాలకు ఏపీఎస్-సీ మంచి మధ్యేమార్గమని నా అభిప్రాయం.

సెన్సర్ చిన్నదైతే పాత లెన్సు చూపు కూడా మారుతుంది. ఏపీఎస్-సీ మీద 50 ఎం.ఎం. లెన్సు సుమారు 75 ఎం.ఎం. లాగా పనిచేస్తుంది. ముఖాల ఫోటోలకు చక్కగా ఉంటుంది గానీ చిన్న గదిలో పదిమంది పట్టరు. పాత 50 చూపే కావాలంటే 33-35 ఎం.ఎం. లెన్సు తీసుకోవాలి.

ఇక మెగాపిక్సెళ్లు. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజినీరు తయారుచేసిన డిజిటల్ కెమెరాలో పదివేల చుక్కలే ఉండేవి. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఇవాళ మామూలు 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 2 కోట్ల 40 లక్షల చుక్కలు. ఇన్ని దేనికి? ప్రింటులో అంగుళానికి 300 చుక్కలుంటే చాలా నాణ్యంగా ఉంటుంది. ఆ లెక్కన 4 × 6 అంగుళాల ప్రింటుకు దాదాపు 22 లక్షల చుక్కలు చాలు. 8 × 12కు 86 లక్షలు. గోడకు తగిలించే 12 × 18కి సుమారు కోటీ 94 లక్షలు. అంటే 24 మెగాపిక్సెళ్లతో మీరు ఇంట్లో వేసుకునే అతి పెద్ద ప్రింటు కూడా అయిపోతుంది. అంతకు మించిన అంకె చెప్పి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే, ఆ డబ్బు లెన్సు మీద పెట్టండి.

నాలుగో మెట్టు: పాత లెన్సులను పారేయకండి

బీరువాలో లెన్సులుంటే, అవి ఏ మౌంటువో ముందు తెలుసుకోండి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది. పెంటాక్స్ కే మౌంట్ 1975 నుంచి వస్తోంది, ఆ లెన్సులు పెంటాక్స్ డీఎస్ఎల్ఆర్‌లకు నేరుగా బిగుస్తాయి. మినోల్టా 1985లో తెచ్చిన ఆటోఫోకస్ మౌంట్‌ను తర్వాత సోనీ డీఎస్ఎల్ఆర్‌లలో కొనసాగించింది. కెనాన్ మాత్రం 1987లో మౌంట్ పూర్తిగా మార్చేసింది కాబట్టి అంతకుముందటి ఎఫ్‌డీ లెన్సులు దాని డీఎస్ఎల్ఆర్‌లకు నేరుగా ఎక్కవు. నికాన్‌వారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. డీ3000, డీ5000 శ్రేణి కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్సులు వాటికి బిగుస్తాయి గానీ ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి.

మిర్రర్‌లెస్ వచ్చాక పాత లెన్సులన్నింటికీ మళ్లీ ప్రాణం వచ్చింది. పెంటాక్స్ కే మౌంట్‌కూ రీలుకూ మధ్య 45 మి.మీ. పైగా దూరం ఉండేది, అద్దం లేవడానికి ఆ చోటు కావాలి. అద్దం తీసేశాక సోనీ 'ఇ' మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ.కు, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20కి, నికాన్ జెడ్‌లో 16కి తగ్గింది. మిగిలిన చోటులో ఒక లోహపు గొట్టం, అంటే అడాప్టర్, బిగిస్తే పాత లెన్సు సరిగ్గా తన పాత దూరంలో నిలబడుతుంది. మామూలు అడాప్టర్‌తో ఆటోఫోకస్ ఉండదు, అపెర్చర్ రింగు మీరే తిప్పాలి. రీలు కాలం చేతులకు అది కొత్తేమీ కాదు. పైగా ఫోకస్ కుదిరిన అంచులను రంగు గీతలతో చూపించే ఫోకస్ పీకింగ్ సదుపాయం చాలా కెమెరాల్లో ఉంది.

పాత లెన్సు బిగించగానే కెమెరా క్లిక్ మనకపోతే భయపడకండి. దానిలో వైర్లు లేవు కాబట్టి లెన్సే లేదని కెమెరా అనుకుంటుంది. మెనూలో 'లెన్సు లేకుండా షట్టర్' అన్న అర్థం వచ్చే సెట్టింగును ఆన్ చేస్తే సరిపోతుంది.

లెన్సును వాడే ముందు ఒక పరీక్ష చేయండి. చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది బూజు. మన కోస్తా గాలిలోని తేమకు ఇది మామూలే. కొద్దిగా ఉంటే లెన్సులు బాగుచేసేవారు శుభ్రం చేసిస్తారు. ముదిరితే అద్దం మీది పూతను తినేస్తుంది. ఇకముందు లెన్సులను పాత తోలు కవర్లలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

పాత ఫ్లాష్‌ను మాత్రం కొత్త కెమెరా నెత్తిన పెట్టకండి. కొన్ని పాత ఫ్లాష్‌ల కాలి దగ్గర విద్యుత్తు 200 వోల్టులు దాటి ఉంటుంది. రీలు కెమెరా దాన్ని తట్టుకునేది. డిజిటల్ కెమెరా లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

అయిదో మెట్టు: డబ్బు పంపకం

చేతిలో ఉన్న మొత్తాన్ని కెమెరా బాడీకే పెట్టేసి, లెన్సు దగ్గర సర్దుకునేవారే ఎక్కువ. నేను చెప్పే పంపకం ఇది: పది రూపాయలుంటే బాడీకి అయిదు, లెన్సుకు మూడు, మిగతా రెండు రూపాయలు అదనపు బ్యాటరీకి, రెండు మెమరీ కార్డులకు, సంచీకి, ఫోటోలు దాచే హార్డ్‌డిస్క్‌కు. మీ పాత రీలు కెమెరా ఒక్క బటన్ బ్యాటరీతో ఏళ్లు నడిచి ఉంటుంది. మిర్రర్‌లెస్ బ్యాటరీ ఒకసారి ఛార్జ్ చేస్తే మూడు నాలుగు వందల ఫోటోలకు వస్తుంది. పెళ్లి మధ్యలో అయిపోతే చేసేదేమీ ఉండదు.

అయిదు రూపాయల్లో మంచి బాడీ రాకపోతే, వాడిన కెమెరా చూడటానికి సంకోచించకండి. మొదటి శ్రేణి డీఎస్ఎల్ఆర్‌ల షట్టర్‌కు లక్ష క్లిక్కుల దాకా పరీక్షించామని కంపెనీలు చెప్పేవి. 36 ఫోటోల రీళ్ల లెక్కన చూస్తే అవి 2,777 రీళ్లు. నెలకు రెండు రీళ్లు తీసే మనిషికి నూట పదిహేనేళ్లు పడుతుంది. కొనే ముందు షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. తెల్లగోడను అపెర్చర్ బాగా మూసి ఫోటో తీసి, పెద్దది చేసి సెన్సర్ మీద మరకలు చూడండి. లెన్సుకు టార్చి పరీక్ష చేయండి. బ్యాటరీ అర మూత తీసి తుప్పు ఉందేమో చూడండి. కొత్తది కొంటే బిల్లు, భారతదేశంలో చెల్లే వారంటీ కార్డు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.

బాబాయి చివరికి వాడిన ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ ఒకటి, దానితో వచ్చిన చిన్న జూమ్ లెన్సు, తన కే1000 మీది 50 ఎం.ఎం. ఎఫ్/2 లెన్సుకు ఒక అడాప్టర్ తీసుకున్నారు. ముందు కొన్న చిన్న కెమెరాను మనవరాలికి ఇచ్చారు. ఆమె దాన్ని రోజూ వాడుతోంది.

ఆరో మెట్టు: ఏ అలవాటు ఉంచుకోవాలి, ఏది మార్చుకోవాలి

మార్చుకోవాల్సింది ఒకటుంది. నెగిటివ్ రీలు కాస్త ఎక్కువ వెలుగు పడినా సర్దుకునేది. అందుకే పాతవారు అనుమానం వస్తే ఒక గీత ఎక్కువే ఇచ్చేవారు. డిజిటల్‌లో అది పనికిరాదు. తెల్ల పంచె మడతలు, జడలోని మల్లెపూల రేకులు ఒకసారి పూర్తిగా తెల్లబడిపోతే మళ్లీ తీసుకురాలేం. నీడలోని వివరాన్ని మాత్రం తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు పైకి తేవచ్చు. కాబట్టి అనుమానం వస్తే కాస్త తక్కువ వెలుగే ఇవ్వండి. మితిమీరి వెలిగిన చోట్లు మిణుకుమిణుకుమనేలా చూపించే సెట్టింగు చాలా కెమెరాల్లో ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి.

ఉంచుకోవాల్సింది రీలు నేర్పిన పొదుపు. రీలులో ముప్ఫై ఆరే ఉండేవి కాబట్టి నొక్కే ముందు ఆగేవాళ్లం. తాతయ్య కండువా సర్దుకునేదాకా, పడవ వంతెన స్తంభాల మధ్యకు వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లం. ఆ ఓపిక మీ ఆస్తి. కార్డులో వేల ఫోటోలు పడతాయని దాన్ని వదులుకోకండి. వారానికి ఒక రోజు 'ముప్ఫై ఆరు రోజు' పెట్టుకోండి. ఆ రోజు ముప్ఫై ఆరుకు మించి తీయకూడదు, తీసినది వెంటనే తెరమీద చూసుకోకూడదు. సాయంత్రం అన్నీ ఒక్కసారే చూడండి. స్టూడియో నుంచి కవరు తెచ్చుకుని విప్పిన నాటి ఉత్సాహం తిరిగి వస్తుంది.

దాచడం విషయంలో అశ్రద్ధ వద్దు. నెగిటివ్ పుస్తకం మధ్యలో పడి ఉన్నా పాతికేళ్లకు పనికొచ్చేది. హార్డ్‌డిస్క్ ఒక్క రోజులో పోతుంది. ప్రతి ఫోటోకూ మూడు కాపీలు ఉంచండి, రెండు వేర్వేరు రకాల చోట్ల ఉంచండి, అందులో ఒకటి ఇంటికి బయట, పిల్లల దగ్గరో ఇంటర్నెట్‌లోనో ఉండాలి.

ఈ వారం చేయాల్సిన పనులు

1. వంద ఫోటోల పరీక్ష పూర్తిచేసి, 'నేను ఎక్కువగా తీసేది...' అని ఒక్క వాక్యం రాసుకోండి.
2. పాత లెన్సుల మీది పేర్లు, అంకెలు కాగితం మీద ఎక్కించండి. టార్చి పరీక్ష చేయండి.
3. దుకాణానికి వెళ్లి కనీసం మూడు కెమెరాలను కంటికి ఆనించి చూడండి. డయాప్టర్ తిప్పండి. ఆ రోజు ఏదీ కొనకండి.
4. ఇంటికొచ్చి పది రూపాయల పంపకం వేసుకోండి. మూడో రోజుకు కూడా అదే కెమెరా కావాలనిపిస్తే కొనండి.

కొన్నాక ఒక నియమం పెట్టుకోండి. ఏడాదికి ఒక రీలు. డిసెంబరులో కూర్చుని ఆ ఏడాది ఫోటోల్లోంచి ముప్ఫై ఆరు ఏరి, ప్రింట్లు వేయించి ఆల్బమ్‌లో పెట్టండి. వెనక పేర్లు, ఊరు, తేదీ రాయండి. బాబాయి మొదటి ఏడాది ముప్ఫై ఆరులో ఇరవై రెండు మనుషులవి, పద్నాలుగు గోదావరివి. పిట్ట ఒక్కటీ లేదు.

1991 పుష్కరాల ఫోటోలో మా నాయనమ్మ రేవు మెట్ల మీద తడి చీరతో నిలబడి ఉంటుంది. ఆమెవి మాకున్న ఫోటోలు మొత్తం ఆరు. మీ ఇంట్లోని పెద్దవాళ్లవి ఎన్ని ఉన్నాయో ఈ రాత్రే లెక్కపెట్టండి. కెమెరా కొనడాన్ని వచ్చే పండక్కి వాయిదా వేయకండి.